బంతి కంటే ముందు మాట

ఆట అయిపోయాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి. ఏ ఊరి గ్రౌండ్‌లోనైనా ఇదే పద్ధతి. దాన్ని చూసి పెద్దవాళ్లు సంతోషిస్తారు. ఆటలు మనుషుల్ని కలుపుతాయి అంటారు. ఆటలో తగిలిన దెబ్బను ఆ చెయ్యి కలపడం మరిపిస్తుంది, నిజమే. ఆటకు ముందు నుంచీ ఉన్న దెబ్బల సంగతేమిటి? తాతల కాలంలో చేజారిన భూమి, బడిలో నోరు నొక్కిన భాష, గూడెం పేరు చెప్పగానే అవతలివాళ్ల ముఖంలో వచ్చే నవ్వు. ఇవి కూడా చేతులు కలిపితే మానిపోతాయా?

పిల్లల ఆటల ద్వారా ఆదివాసుల చరిత్ర చెప్పాలి, ఆ చరిత్ర ద్వారా ఆదివాసులకూ ఇతరులకూ మధ్య సయోధ్య తేవాలి అనే ప్రయత్నం ఇప్పుడు ప్రపంచంలో కొన్నిచోట్ల గట్టిగా జరుగుతోంది. అందరికంటే ఎక్కువగా కెనడాలో జరుగుతోంది. అక్కడ ఏం జరిగిందో, ఏది నిలబడిందో, ఏది పై పూతగా మిగిలిందో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే బడి, గ్రౌండ్, పిల్లలు మనకీ ఉన్నారు. చెప్పని చరిత్ర కూడా ఉంది.

ముందు ఒక కొలబద్ద పెట్టుకుందాం. దాన్ని బయటినుంచి తెచ్చుకోనక్కర్లేదు, మన గూడేల్లోనే ఉంది. మన దగ్గర తగువు ఎలా తెగుతుంది? పెద్దలు కూర్చుంటారు. దెబ్బ తిన్నవాళ్లు ముందు మాట్లాడతారు. వాళ్లు చెప్పేదాకా మిగిలినవాళ్లు వింటారు. తర్వాత తప్పు చేసినవాడు పదిమందిలో ఒప్పుకోవాలి. ఆ తర్వాత తప్పు కట్టాలి. ఇవన్నీ అయ్యాక అందరూ ఒకే బంతిలో కూర్చుని అన్నం తింటారు. మాట, ఒప్పుకోలు, తప్పు, బంతి. వరస ఇదీ. ముందే బంతి వేసి, తినేసి, చేతులు కడుక్కుని, ఇక తగువు తీరిపోయింది లేవండి అంటే ఎవరూ ఒప్పుకోరు. మన పంచాయితీలన్నీ న్యాయంగా జరుగుతాయని నేననను. ఆడవాళ్ల మాట సగంలోనే ఆపేసిన పంచాయితీలు మనకందరికీ తెలుసు. కానీ వరస మాత్రం సరైనది. అన్నం చివరకు రావాలి.

ఆట కూడా బంతి భోజనం లాంటిదే. ఒకే గీత లోపల, ఒకే నియమం కింద, ఎక్కువా తక్కువా లేకుండా కూర్చోవడం. అందుకే ఆట గొప్పది. అందుకే దాన్ని ముందు పెట్టి మాటను ఎగ్గొట్టడం కూడా సులువు.

ఇప్పుడు కెనడా సంగతి చూద్దాం. అక్కడ నూరేళ్లకు పైగా ప్రభుత్వం డబ్బుతో, చర్చిల నిర్వహణలో రెసిడెన్షియల్ స్కూళ్లు నడిచాయి. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి వాటిల్లో పెట్టారు. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల్లో గడిపారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. వేలమంది పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. చివరి బడి మూతపడింది 1990లలోనే. అంటే ఆ బడుల్లో చదివిన పిల్లలు ఇవాళ మన వయసువాళ్లు, మన అమ్మానాన్నల వయసువాళ్లు.

ఆ బడుల్లో ఆటలు కూడా ఉండేవి. మంచు మీద ఆడే హాకీ ముఖ్యం. పిల్లల మీద జాలితో ఒక్కటే పెట్టిన ఆటలు కావవి. సొంత ఆటలు, సొంత డ్యాన్సులు మరిచిపోవడానికి, ఈలకు లేచి ఈలకు కూర్చునే అలవాటు రావడానికి కూడా పెట్టారు. 1951లో ఒంటారియోలోని పెలికన్ లేక్ బడికి చెందిన హాకీ జట్టును ఒట్టావా, టొరంటో నగరాలకు తిప్పారు. ప్రభుత్వ సంస్థవాళ్లు ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో పిల్లలు చక్కగా తయారై నవ్వుతుంటారు. చూసినవాళ్లు బడి ఎంత బాగుందో అనుకుంటారు. ఫోటోలో లేనిదేమిటో ఆ జట్టులో ఆడినవాళ్లే ముసలితనంలో చెప్పుకున్నారు. అప్పటిదాకా వాళ్లనెవరూ అడగలేదు.

ఫ్రెడ్ ససాకమూస్ కథ ఇంకా చిక్కైనది. క్రీ తెగవాడు. చిన్నతనంలోనే ఇంటినుంచి తీసుకుపోయారు. బడిలో అతను పడిన హింస మాటల్లో చెప్పలేనిది, దాన్ని పెద్దయ్యాక నలుగురిలో చెప్పాడు. అదే బడి మంచు మీద హాకీ నేర్చుకున్నాడు. 1953-54లో షికాగో జట్టు తరఫున ఎన్.హెచ్.ఎల్. పోటీల్లో 11 ఆటలు ఆడాడు. ఆ లీగులో ఆడిన తొలి ఆదివాసీ ఆటగాళ్లలో అతనొకడు. తర్వాత సొంత ఊరికి వచ్చేశాడు, పెద్దగా ఎన్నికయ్యాడు, బతికినంతకాలం పిల్లలకు ఆటలు నేర్పాడు. 2020లో చనిపోయాడు. ఇతని జీవితం చెప్పేటప్పుడు కొందరు, చూశారా ఆ బడి లేకపోతే హాకీ ఆటగాడు అయ్యేవాడా అంటారు. ఇది చాలా ప్రమాదకరమైన మాట. ఆకలేసిన పిల్లాడు ముళ్లకంపలో దొరికిన పండు తిన్నాడు కాబట్టి ముళ్లకంప మంచిదే అన్నట్టుంది. పండు తెంపుకున్నది ఆ పిల్లాడు. ఆ గొప్ప ముళ్లకంపది కాదు.

ఆ బడుల్లో చదివినవాళ్లు కోర్టులకెక్కారు. పట్టు వదల్లేదు. దాని ఫలితంగా పెద్ద ఒప్పందం జరిగింది, నష్టపరిహారం వచ్చింది, 2008లో సత్యం, సయోధ్యల కమిషన్ ఏర్పడింది. అదే ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. కమిషన్ దేశమంతా తిరిగి 6,000 మందికి పైగా సాక్షుల మాట విన్నది. దానికి అధ్యక్షుడు మరే సింక్లేర్, ఆయన కూడా ఆదివాసీ, న్యాయమూర్తి. చదువు వల్లనే ఇంత చెడ్డాం, మళ్లీ చదువు వల్లనే బాగుపడాలి అనే అర్థం వచ్చే మాట ఆయన పదేపదే చెప్పేవాడు. టీచర్లమైన మనం గోడ మీద రాసుకోదగ్గ మాట అది. 2015లో వచ్చిన చివరి నివేదికలో 94 పనులు చెయ్యమని అడిగారు. వాటిలో 87 నుంచి 91 దాకా అయిదు పనులు ఆటల గురించే. ఆదివాసీ ఆటగాళ్ల చరిత్ర దేశమంతటికీ చెప్పమన్నారు. ఆదివాసీ పిల్లల సొంత పోటీలకు, 1990 నుంచి జరుగుతున్న ఉత్తర అమెరికా ఆదివాసీ క్రీడలకు, అండగా నిలబడమన్నారు. ఒలింపిక్స్ లాంటివి జరిపితే అది ఎవరి నేలో ఆ నేలవాళ్లను గౌరవించి, వాళ్లను కలుపుకుని చెయ్యమన్నారు.

వరస గమనించండి. మాట విన్నారు. ఒప్పుకున్నారు. కట్టాల్సింది కొంత కట్టారు. అంతా తీరిపోయిందని అక్కడి ఆదివాసులు కూడా అనడం లేదు. కట్టాల్సింది ఇంకా చాలా ఉంది. కానీ ఆటల మాట వచ్చింది ఇవన్నీ మొదలయ్యాకే.

అక్కడి పిల్లల హాకీ జట్లు ఇప్పుడు నారింజ రంగు జెర్సీలు వేసుకుంటున్నాయి. ఆ రంగు వెనక ఫిల్లిస్ వెబ్‌స్టాడ్ ఉంది. 1973లో ఆమెకు 6 ఏళ్లు. బడికి పోతున్నావని అమ్మమ్మ కొత్త నారింజ రంగు చొక్కా కొనిచ్చింది. మొదటి రోజే బడివాళ్లు దాన్ని విప్పేసి తీసేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. ఆమె ఆ సంగతి చెప్పిన తర్వాత 2013 నుంచి ఏటా సెప్టెంబర్ 30న పిల్లలు ఆ రంగు చొక్కా వేసుకోవడం మొదలైంది. 2021 నుంచి ఆ రోజును దేశం అధికారికంగా పాటిస్తోంది. పదేళ్ల పిల్లాడికి కమిషన్ నివేదిక చదివి వినిపించలేం. కానీ కొత్త జెర్సీ చేతికొచ్చినప్పుడు కలిగే సంతోషం ఆ పిల్లాడికి తెలుసు. ఆ సంతోషాన్ని ఒకరు లాక్కుంటే ఎలా ఉంటుందో వాడికి వెంటనే అర్థమవుతుంది. ఆట ద్వారా చరిత్ర చెప్పడమంటే ఇదే. పిల్లాడికి ముందే తెలిసిన ఒక చిన్న వస్తువు పట్టుకుని, వాడికి తెలియని పెద్ద అన్యాయం దాకా తీసుకుపోవడం.

అయితే జెర్సీ వేసుకుని ఫోటో దిగి, సాయంత్రానికి విప్పేసి, ఆ రంగు ఎందుకో తెలియకుండానే ఇంటికి పోయే పిల్లలూ ఉంటారు. అప్పుడది గుడ్డ ముక్కే. చెప్పాల్సిన మాటను గుడ్డతో కప్పడమే.

హాడెనోషోనీ ప్రజల లాక్రోస్ ఆట ఇంకో పాఠం చెబుతుంది. కొనకు వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. దాన్ని వాళ్లు దేవుడిచ్చిన ఆటగా, జబ్బు నయం చేసే ఆటగా చూస్తారు. 1867లో మాంట్రియల్‌లో ఒక దంతవైద్యుడు దానికి నియమాలు రాసి కొత్త రూపం ఇచ్చాడు. 1880లో డబ్బు తీసుకుని ఆడతారనే వంకతో ఆదివాసులనే ఆ ఆట ఛాంపియన్‌షిప్ పోటీల్లోంచి తప్పించారు. 1994లో అదే ఆట కెనడా వేసవికాలపు జాతీయ క్రీడ అయింది. ఆట ఉంది, ఆట పుట్టించినవాళ్లు లేరు. మన పాటలు, మన డప్పులు, మన గుస్సాడీ వేషాలు ప్రభుత్వ వేదికల మీద ఎలా కనిపిస్తాయో, అవి ఎవరివో ఎంతసేపు చెబుతారో చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

హాడెనోషోనీలు తమను తాము ఒక జాతిగా, ఒక దేశంగా చెప్పుకుంటారు, సొంత పాస్‌పోర్టులతో తిరుగుతారు. 2010లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు బ్రిటన్ ఆ పాస్‌పోర్టులు ఒప్పుకోలేదు. వేరే దేశపు పాస్‌పోర్టు మీద వెళ్లడానికి ఆటగాళ్లు ఒప్పుకోలేదు. పోటీలే వదిలేసుకున్నారు. 2018 ప్రపంచ పోటీల్లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టు అది. అయినా 2022 వరల్డ్ గేమ్స్‌కు మొదట వాళ్లను తీసుకోలేదు. తర్వాత తీసుకుందామన్నా ఖాళీ లేదు. అప్పుడు 2020లో ఐర్లాండ్ జట్టు తన స్థానం వదులుకుంది. ఈ ఆట వాళ్లది, వాళ్లు లేకుండా మేమెలా ఆడతాం అన్నట్టుగా పక్కకు జరిగింది. హాడెనోషోనీలకు ఐర్లాండ్ చేసిన అన్యాయమేమీ లేదు. అయినా కట్టింది. 1847లో తమ కరువు రోజుల్లో డబ్బు పంపిన చోక్టా ఆదివాసులను ఈనాటికీ తలుచుకునే దేశం అది. ఎన్ని చేతులు కలిపినా రాని నమ్మకం ఒక స్థానం వదులుకుంటే వస్తుంది. మన పెద్దలు తప్పు కట్టమనడంలో ఉన్న అర్థం ఇదే. ఖర్చు లేని సయోధ్య మాటల వరకే.

దీనికి ఎదురు కథ ఆస్ట్రేలియాలో జరిగింది. ఆడం గుడ్స్ అనే ఆదివాసీ ఫుట్‌బాల్ ఆటగాడు లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే పతకం రెండుసార్లు గెలిచాడు. ఆడినంతకాలం జనం నెత్తిన పెట్టుకున్నారు. 2013లో ఆట మధ్యలో 13 ఏళ్ల పిల్ల అతన్ని కోతితో పోలుస్తూ అరిచింది. అతను చాలా బాధపడ్డాడు. కానీ ఆ పిల్లను తిట్టవద్దని, ఆమెకు నేర్పాల్సింది పెద్దలని చెప్పాడు. 2014లో ఆ దేశం అతన్ని ఆ ఏడాది మేటి పౌరుడిగా గౌరవించింది. అతను తన ప్రజల చరిత్ర గురించి మాట్లాడటం మొదలుపెట్టాక గ్రౌండ్‌లలో జనం అతన్ని చూసి అరిచి గోల చేశారు. 2015లో ఆట మానేశాడు. లీగు, అందులోని 18 క్లబ్బులు 2019లో క్షమాపణ చెప్పాయి. అతని కాళ్లు అందరికీ కావాలి, నోరు మాత్రం వద్దు. బంతిలో కూర్చోబెట్టారు గానీ మాట విననన్నారు. బంతిలో వలపక్షం అని తెలుగులో ఒక మాట ఉంది. కూర విషయంలోనే కాదు, మాట విషయంలోనూ వలపక్షం ఉంటుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. కెనడా బడులూ మన ఆశ్రమ పాఠశాలలూ ఒకటేనని నేననను. మన పిల్లలను పోలీసులు పట్టుకుపోయి బడిలో వెయ్యలేదు. ఆ బడులు లేకపోతే నాలాంటివాళ్లం ఈ వ్యాసం రాసేవాళ్లమే కాదు. కానీ కొన్ని ప్రశ్నలు ఒకటే. పిల్లాడి భాష బడి గేటు దగ్గరే ఆగిపోతోందా? గోడ మీద ఎవరి బొమ్మలున్నాయి? గ్రౌండ్‌లో ఎవరి ఆటలున్నాయి?

ఆటల రంగంలో పేర్లు చూడండి. మంచి ఆటగాడికి 1961 నుంచి అర్జున అవార్డు ఇస్తున్నారు. మంచి శిక్షకుడికి 1985 నుంచి ద్రోణాచార్య అవార్డు ఇస్తున్నారు. 1997-98లో ఆదివాసీ పిల్లలకు మొదలుపెట్టిన ఆదర్శ గురుకులాలకు ఏకలవ్య పేరు పెట్టారు. మూడు పేర్లూ ఒకే కథలోవి. ఆ కథలో బొటనవేలు ఎవరు అడిగారో, ఎవరి కోసం అడిగారో, ఎవరిది పోయిందో అందరికీ తెలుసు. రాజస్థాన్ ఆదివాసీ విలుకాడు లింబా రామ్ మూడు ఒలింపిక్స్‌లో బాణం వేశాడు. అతనికి వచ్చింది కూడా అర్జున అవార్డే. ఏకలవ్యుడి పేరు గేటు మీద పెట్టడం మంచిదే. గేటు లోపల ఆ బొటనవేలి సంగతి ఎవరైనా మాట్లాడుతున్నారా? గురువును మించిన భక్తి అని చెప్పి ముగిస్తున్నారా, లేక అడిగినవాడిది తప్పని ఒక్కసారైనా అంటున్నారా? పేరు పెట్టడం బంతి వెయ్యడం. తప్పని ఒప్పుకోవడం అంతకంటే ముందు జరగాల్సిన పని.

ఇంకొకటి. మన పిల్లలు పరుగులో గెలిస్తే మైకులో వినిపించే మాట మీకు తెలుసు. అడవి బిడ్డలు కదా, పరుగు పుట్టుకతోనే వస్తుంది అంటారు. మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ ఆ మాటలో ఆ పిల్ల తెల్లవారుజామున లేచి చేసిన సాధన లేదు, పి.ఇ.టి. చెప్పిన మెళకువ లేదు, ఆమె తెలివి లేదు. లేడికి కూడా పరుగు పుట్టుకతోనే వస్తుంది. మనిషిని మెచ్చుకునే పద్ధతి అది కాదు. ఆటలతో చరిత్ర చెప్పాలనుకుంటే ముందు ఈ మెచ్చుకోలును సరిచెయ్యాలి.

ఒకసారి పోటీలకు వెళ్లినప్పుడు మా కబడ్డీ జట్టు పిల్లలు ఒకరినొకరు గోండీలో పిలుచుకుంటుంటే అవతలి జట్టు పిల్లలు ఆ మాటలను వెక్కిరించారు. ఆట అయ్యాక చేతులు కలపమన్నారు. ఎనిమిదో తరగతి పిల్ల నా దగ్గరికి వచ్చి, "వాళ్లు నవ్వినందుకు ఏమీ అనకుండా నేను చెయ్యి కలపాలా టీచర్?" అని అడిగింది. ఆటల నియమాల పుస్తకంలో దానికి జవాబు లేదు. కలపకపోతే క్రమశిక్షణ లేదంటారు. కలిపితే ఆమె మాట లోపలే ఉండిపోతుంది.

ఆ సాయంత్రం రెండు బడుల టీచర్లం కూర్చుని ఒక పని చేశాం. మర్నాడు రెండు జట్లనూ కలిపి ఊరికే ఆడించాం. స్కోరు గోండీలో చెప్పాలన్నాం. మా పిల్లలు నేర్పారు. రండ్ అంటే రెండు. నాలుంగ్ అంటే నాలుగు. కాసేపటికి అవతలి పిల్ల ఒకతి, ఇది మా భాషలాగే ఉందే అంది. అవును, తెలుగూ గోండీ ఒకే కుటుంబపు భాషలు, అక్కచెల్లెళ్లలాంటివి. నిన్న నవ్వింది సొంత చెల్లెలి మీదేనని అప్పుడు చెప్పాం. ఆ పిల్లలు తలలు దించుకున్నారు. ఒకతి లేచి వచ్చి మా పిల్లతో ఏదో అంది. ఏమందో మేం అడగలేదు. దానితో లోకం మారిపోలేదు. కానీ మాట ముందు వచ్చింది, చెయ్యి తర్వాత వచ్చింది.

అందుకని టీచర్లకు నేను చెప్పదలచుకున్న మొదటి నియమం ఇదీ. క్షమించమని దెబ్బ తిన్న పిల్లను బలవంతపెట్టకూడదు. పెద్ద మనసు చేసుకో అనే మాట ఎప్పుడూ చిన్నవాళ్లకే ఎందుకు చెబుతాం? క్షమ ఆమె సొత్తు. ఇవ్వాలనుకుంటే ఇస్తుంది. మన పని అడిగే అర్హత అవతలివాళ్లకు వచ్చేలా చెయ్యడం.

రెండోది, చరిత్రను చిన్న వస్తువుతో మొదలుపెట్టాలి. జట్లకు సింహాలు, పులులు అని పేర్లు పెడతాం. ఒక జట్టుకు జోడేఘాట్ అని పెట్టండి. 1940లో కుమురం భీం అక్కడ ఎందుకు నేలకొరిగాడో ఆ జట్టు పిల్లే ఆటకు ముందు మూడు నిమిషాల్లో చెప్పాలి. ఇంకో జట్టుకు గాం మల్లుదొర పేరు, గాం గంటందొర పేరు పెట్టండి. 1922-24 మన్యం పోరాటం అనగానే ఒక్క పేరే గుర్తొచ్చే పిల్లలకు ఆ పోరులో ముందు నిలిచిన మన్యం బిడ్డలు కూడా తెలుస్తారు. ఇంద్రవెల్లి పేరు పెడితే 1981 ఏప్రిల్ 20న అక్కడ ఏం జరిగిందో చెప్పక తప్పదు. ఆ పేరుతో ఆడే జట్టు గెలిచినా ఓడినా ఆ తేదీ పిల్లలకు గుర్తుంటుంది.

మూడోది, మన ఆటలు మన పిల్లలే నేర్పాలి. వానాకాలంలో బురద అంటకుండా వెదురు కర్రలెక్కి నడిచే ఆట, విల్లు పట్టే పద్ధతి, ఇవి బయటి పిల్లలకు నేర్పేటప్పుడు ఈల మన పిల్లల చేతిలో ఉండాలి. తెలిసినవాడుగా నిలబడటం మన పిల్లాడికి కొత్త, తెలియనివాడుగా నిలబడటం అవతలి పిల్లాడికి కొత్త. ఇద్దరికీ అవసరమే.

నాలుగోది మనకు చేదుగా ఉంటుంది. సయోధ్య అవసరం మనకూ మైదాన ప్రాంతంవాళ్లకూ మధ్యే కాదు. మన తెగల మధ్య ఉంది, తండాకూ గూడేనికీ మధ్య ఉంది. పెద్దల గొడవలు హాస్టల్ గదుల్లోకి, గ్రౌండ్‌లోకి ఎలా వస్తాయో మనకు తెలుసు. మనింట్లో ఆడపిల్లను సాయంత్రం గ్రౌండ్‌కు పంపకుండా అంట్లు తోమించి, బయటివాళ్లను సమానత్వం అడగలేం. మాట వినమని ఇతరులను అడిగేవాళ్లు ముందు ఇంట్లోవాళ్ల మాట వినాలి.

ఇంత చెబితే రెండు అభ్యంతరాలు వస్తాయి. పిల్లలు ఆడుకోవడానికి వస్తే వాళ్ల నెత్తిన చరిత్ర బరువు పెడతావా అని ఒకటి. న్యాయమైన ప్రశ్నే. ప్రతి ఆటకూ పాఠం తగిలించనక్కర్లేదు. ఊరికే ఆడుకునే హక్కు మన పిల్లలకూ ఉంది, ఎప్పుడూ తమ జాతికి ప్రతినిధిగానే ఆడాలంటే అదీ శిక్షే. ఏడాదిలో కొన్ని రోజులు, కొన్ని నిమిషాలు చాలు. దానికి మార్కులు వెయ్యవద్దు, వేస్తే అదీ ఒక పరీక్ష అవుతుంది.

పాత గాయాలు రేపితే పగలు పెరుగుతాయనేది రెండోది. గాయం రేపడానికి మనం ఎవరం? పిల్లలకది ముందే తెలుసు. బస్సులో, సంతలో, ఆఫీసులో అమ్మానాన్నలను ఏకవచనంతో పిలిచినప్పుడే తెలిసింది. ఎందుకలా పిలుస్తారో మాత్రం తెలియదు. కారణం తెలియని అవమానం పిల్లాడి లోపల ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఒక్కోసారి అవతలివాడి మీద పగగా, ఎక్కువసార్లు తన మీద తనకే సిగ్గుగా మారుతుంది. కారణం చెబితే సిగ్గు తగ్గుతుంది. సిగ్గు తగ్గినవాడే సాటివాడితో సమానంగా చెయ్యి కలపగలడు.

దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారతదేశానికి హాకీలో తొలి బంగారు పతకం వచ్చింది. ఆ జట్టులో ఆడిన ధ్యాన్‌చంద్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. ఆ జట్టు కెప్టెన్ ఎవరని అడగండి. జైపాల్ సింగ్ ముండా, ఇప్పటి జార్ఖండ్‌కు చెందిన ఆదివాసీ. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి మాట్లాడాడు. వేల ఏళ్లుగా తన ప్రజలను ఎలా దోచుకున్నారో, అడవుల్లోకి ఎలా తరిమారో మొహమాటం లేకుండా చెప్పాడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదని, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని అన్నాడు. అదంతా చెప్పాక, అందరూ సమానంగా ఉండే కొత్త అధ్యాయం మొదలుపెడతామని మీరంటున్నారు, ఆ మాట నమ్ముతున్నాను అనే అర్థంలో చెయ్యి చాపాడు.

ఆయన చెప్పిన వరస చూడండి. ముందు నిజం, తర్వాత నమ్మకం. నిజం చెప్పకుండా చెయ్యి చాపితే అది లొంగిపోవడం. నిజం చెప్పి చెయ్యి చాపకపోతే తగువు తగువుగానే ఉంటుంది. ఆయన రెండూ చేశాడు. ఆ చాపిన చేతికి తగ్గట్టు అవతలివాళ్లు కట్టాల్సింది కట్టారా అన్న లెక్క ఇంకా తేలలేదు. ఆ లెక్క అడగడం మన పిల్లల పని. అడగడానికి ముందు ఆయనెవరో వాళ్లకు తెలియాలి.

ఈసారి మీ బడిలో ఆటల పోటీలు పెట్టినప్పుడు ముఖ్య అతిథి ప్రసంగంలో అయిదు నిమిషాలు తగ్గించమని అడగండి. ఆ మైకు ఒక పిల్లకు ఇవ్వండి. తన భాషలో మొదలుపెట్టనివ్వండి. ఈ గ్రౌండ్ ఒకప్పుడు ఎవరి చేనో, ఇక్కడ ఎవరు ఏం పోగొట్టుకున్నారో, ఎవరు ఎదురు నిలిచారో తన తాతనో అవ్వనో అడిగి తెలుసుకున్నది చెప్పనివ్వండి. రెండు జట్లూ కూర్చుని వినాలి. ఆ తర్వాత ఈల ఊదండి.